పద్దెనిమిది నిమిషాల తడి

ఇంకా యాభై అయిదు నిమిషాలు అంటోంది యంత్రం. తలుపు బిగించి మీట నొక్కాను, లోపల ఆవిరి బుస కొట్టడం మొదలైంది, ఇక ఈ ఎత్తు స్టూలు మీద కూర్చుని ఎర్ర అంకెలు ఒక్కొక్కటే తగ్గడం చూడటం తప్ప నేను చేయాల్సిందేమీ లేదు. రెండింటికి అన్నయ్య మీటింగు ముగించుకుని కిందికి వస్తాడు. మూడింటికి పైన ఆపరేషన్లు మొదలవుతాయి. నా ఒళ్ళో అట్టకి బిగించిన కాగితం ఒకటి ఉంది, అది నిన్నటిది, అన్ని గడులూ నింపి ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆరబెట్టిన సమయం, అని ఉంది ఆ గడి మీద. ఇరవై అని వేసి కింద సంతకం చేస్తే నా పని అయిపోతుంది, నా పనే కాదు, మా ఇంటిల్లిపాది పనీ అయిపోతుంది. నిజం రాయాలంటే రెండు అని వేయాలి. ఇరవై నిమిషాలు ఆరవలసిన సామాను రెండు నిమిషాలే ఆరింది. మిగతా పద్దెనిమిదీ ఆరకుండా తలుపు తీసినది నేనే, ఈ చేత్తోనే.

నేలకింద గది మాది, కిటికీ లేదు, బయట ఎండో వానో మెట్లు దిగి వచ్చేవాళ్ళ చెప్పులు చూసి చెప్పుకోవాలి. పైన ఆపరేషన్లలో వాడిన కత్తెరలూ పట్టుకారులూ ఇక్కడికి వస్తాయి, కడుగుతాం, తుడుస్తాం, ఒక్కో ఆపరేషనుకి కావలసినవి ఒక్కో పళ్ళెంలో సర్ది నీలం గుడ్డలో మూట కడతాం, ఈ యంత్రంలో పెడతాం, ఆవిరికి సూక్ష్మజీవులు చస్తాయి. చచ్చాక ఆరాలి. అక్కడే ఉంది కిటుకంతా. తడి గుడ్డ బయటి క్రిముల్ని లోపలికి పీల్చుకుంటుంది, అందుకని తడి తగిలిన మూట, లోపల ఎంత శుభ్రంగా ఉన్నా, మైల మూట కిందే లెక్క. నాకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు, మన దేశంలో ఉన్నప్పుడు పదకొండేళ్ళు బళ్ళో సైన్సు చెప్పాను, ఎనిమిదో తరగతికి సూక్ష్మజీవుల పాఠం వచ్చిందంటే గంట మోగినా వదిలేదాన్ని కాదు. ఆ టీచరమ్మే నిన్న మధ్యాహ్నం తలుపు తీసింది. పైనించి మూడుసార్లు ఫోను వచ్చింది, అన్నయ్య నా భుజం వెనకాల నిలబడి, తీసెయ్ చెల్లెమ్మా, వేడి మీద ఉన్నాయి, అవే ఆరిపోతాయి అన్నాడు, నేను ఆ మాట వినగానే చెయ్యి చాచాను. ఎందుకు చాచానో నిన్నటి నుంచీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. మొహమాటం అంటే అది అబద్ధం, నాకు మొహమాటం తక్కువ. భయం. ఇంత నోరున్నదాన్ని, భయపడ్డాను.

పన్నెండు మూటలు పైకి వెళ్ళాయి. సాయంత్రం ఆపరేషను ఎవరికో జ్వరం వచ్చి ఆగిపోయింది, అదొక్కటీ దేవుడు మా వైపు చూసిన చూపు. ఈ పూట ఒక మూట ఎక్కువైందని వెనక్కి వచ్చింది, అనుమానం కొద్దీ విప్పి చూస్తే అడుగు గుడ్డ మీద నీటి బొట్లు, నిన్న పెట్టినవి పెట్టినట్టు. మిగతా పదకొండూ పైన ఆపరేషన్ థియేటరు అలమరలో ఉన్నాయి, మూడింటికి ఎవరి పొట్ట మీదో విప్పుతారు. పరుగెత్తుకెళ్ళి అన్నయ్యకి చెప్పాను. ఆయన కంగారు పడలేదు. తలుపు దగ్గరగా వేసి, ఆ ఒక్కటీ తోపుడుబండి మీద తడిసి ఉంటుందిలే, మిగతావి బాగానే ఉంటాయి, రేపు తనిఖీ వాళ్ళొస్తున్నారు, ఇప్పుడు గోల చేస్తే నీకూ నాకూ ఇద్దరికీ ఇబ్బంది అన్నాడు. పదిహేను రోజులుగా యంత్రం తాలూకు ప్రింటరు చెడిపోయి ఉంది, కాబట్టి ఎంతసేపు ఆరాయన్నదానికి యంత్రం సాక్ష్యం లేదు, ఈ చేతిరాత కాగితమే సాక్ష్యం. అప్పుడు బల్ల మీది ఇంకో కాగితాన్ని వేలితో కొంచెం ఇటు జరిపాడు.

"నీ ఉత్తరం కూడా ఇక్కడే ఉంది చెల్లెమ్మా. రెండింటికి వస్తాను, రెండు కాగితాలూ ఒకేసారి చూసేసుకుందాం."

అంతే అన్నాడు. బెదిరించలేదు, గొంతు పెంచలేదు, నవ్వుతూనే అన్నాడు. నా ఉత్తరం సంగతి ఏమిటంటే, మేము శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టి మూడేళ్ళు దాటింది, పోయిన వారం ఆ ఆఫీసు వాళ్ళు ఇంకొక్క కాగితం అడిగారు, ఈమె ఇప్పటికీ మీ దగ్గరే పనిచేస్తోందా, నమ్మకస్తురాలేనా, యజమాని రాసి సంతకం పెట్టి శుక్రవారం లోపల పంపాలి అని. ఇవాళ బుధవారం. ఉత్తరం టైపు అయిపోయింది, నేను చదివాను కూడా, చాలా నమ్మకస్తురాలు అని ఉంది అందులో. నేను నమ్మకస్తురాలినని ఆయన సంతకం పెట్టాలంటే ముందు నేను అబద్ధానికి సంతకం పెట్టాలి. ఇది ఇందాక మెట్లు దిగుతుంటే అర్థమైంది నాకు, మెట్ల మీదే నిలబడి నవ్వాను, ఎదురొచ్చిన, మూటలు పైకి చేరవేసే తోపుడుబండి తాత నాకేమైనా అయిందేమోనని ఆగి చూశాడు.

నలభై ఆరు. అన్నయ్య అంటే తోడబుట్టినవాడు కాదు, ఈ విభాగానికి మేనేజరు, మన భాషవాడు, ఈ దేశం వచ్చి పాతికేళ్ళయింది. మేము దిగిన రోజు ఎవరో తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళు నంబరిస్తే ఫోను చేశాం, గంటలో వచ్చాడు, కారు మీద రెండు పరుపులు కట్టుకుని, వెనక సీట్లో గిన్నెలూ దుప్పట్లూ వేసుకుని. ఆ రాత్రి పిల్ల ఆ పరుపు మీద బోర్లా పడి నిద్రపోతుంటే నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఈ ఉద్యోగమూ ఆయన చలవే. ఇవన్నీ నేను మర్చిపోలేదు, చచ్చినా మర్చిపోను, ఆయన కూడా నన్ను మర్చిపోనివ్వడు, అది వేరే సంగతి. చెల్లెమ్మా అని పిలిచి సెలవు రోజున పనికి రమ్మంటాడు, చెల్లెమ్మా అని పిలిచి నా వంతు విశ్రాంతి ఇంకొకరికి ఇస్తాడు. మిగతా దేశాల వాళ్ళని అలా అడగడు, వాళ్ళు నిబంధనల పుస్తకం తీస్తారు. నేను తీయలేను, చెల్లెలు అన్నగారి ముందు పుస్తకం ఎలా తీస్తుంది. ఆయన కాగితాలకి ఏడేళ్ళు పట్టిందట. ఆ ఏడేళ్ళలో తనూ ఎవరో ఒకరి బల్ల ముందు నిలబడి ఏదో ఒక గడి నింపే ఉంటాడు. ఏ గడో ఎప్పుడూ చెప్పలేదు. అప్పటి నుంచే ఆ నవ్వు అలా అతుక్కుపోయి ఉంటుంది పాపం.

పాపం అంటున్నానేమిటి. నా బుద్ధి ఇంతే, తిట్టుకుందామని మొదలుపెట్టి జాలిలోకి జారతాను. సరే, సంతకం పెట్టేస్తే ఏమవుతుంది, ఒక్కసారి ఆ వైపు నించి కూడా చూద్దాం. ఇరవై అని వేస్తాను. పదకొండు మూటలూ విప్పుతారు. చాలా మటుకు ఏమీ కాదు. ఎవరికైనా గాయం చీము పట్టినా వారం తర్వాత పడుతుంది, మందులిస్తారు, అది ఏ మూట వల్లో ఎవరూ కనిపెట్టలేరు. శుక్రవారం ఉత్తరం వెళ్తుంది. కొన్నాళ్ళకి శాశ్వత నివాసం కార్డులు వస్తాయి, మూడు, నాదీ మా ఆయనదీ పిల్లదీ. అందరం ఫోటో దిగుతాం. అప్పుడు కూడా నేను రోజూ పొద్దున్నే ఇక్కడికే వచ్చి ఇదే స్టూలు మీద కూర్చోవాలి, ఇదే గడి నింపాలి, పైన వార్డులో ఎవరికి జ్వరం తగ్గడం లేదని విన్నా అది ఏ మూట వల్లో అని లెక్కలు వేసుకోవాలి. మూడు కార్డులూ పర్సులో పెట్టుకుని ఆ బతుకు బతకాలి.

ఆ కార్డుల కోసం వేలి ముద్రలు మూడుసార్లు ఇచ్చాను. మొదటిసారి యంత్రం తీసుకోలేదు. ఆ కుర్చీలో ఉన్న అమ్మాయి నా వేళ్ళు తిప్పి తిప్పి చూసి, గీతలు కనిపించడం లేదు, నూనె రాసుకుని నెల తర్వాత రండి అంది. రెండోసారీ అంతే. ఏం పని చేస్తారు అని అడిగింది. చెప్పాను. వేడి నీళ్ళు, సబ్బు మందు, రోజుకి రెండు మూడు వందల కత్తెరలు, అయిదేళ్ళు. అయితే గీతలు ఎక్కడుంటాయి, మీ కత్తెరల మీద అరిగిపోయాయి, అక్కడ వెతుక్కోండి అని మన భాషలో అన్నాను, దానికి అర్థం కాదు కాబట్టి నవ్వుతూ అన్నాను. మూడోసారి ఎలాగో పడ్డాయి. పదేళ్ళలో ఏ నెల ఏ ఇంట్లో ఉన్నారో రాయమన్నారు, రాశాం. ఊళ్ళు తిరిగిన తేదీలు రాయమన్నారు, మా ఆయన పాత టికెట్టు ముక్కలు పెట్టెలోంచి తీసి వరసగా నేల మీద పరిచి, లెక్కల మేష్టారు కదా, కొట్టివేత లేకుండా రాశాడు. అక్కడ పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి ఇక్కడ గోదాములో సోఫాలు ఎత్తుతాడు. నడుము పట్టేసిందని మూలిగినా ఇంకొన్నాళ్ళే కదా అంటాడు. ఎన్నాళ్ళో ఆ లెక్క మాత్రం ఆయనకి రాదు.

మా ఇంట్లో గోడకి ఒక్క మేకు లేదు. ఇల్లుగలాయన వద్దనలేదు, మేమే కొట్టలేదు. కార్డు వచ్చాక కొడదాం అనుకున్నాం. కేలండరు ఫ్రిజ్ మీద చేరబడి ఉంటుంది, తలుపు తీసినప్పుడల్లా కింద పడుతుంది, అయిదేళ్ళుగా తీసి పెడుతూనే ఉన్నాను. అద్దం నేల మీద నించోబెట్టాం, బొట్టు పెట్టుకోవాలంటే వంగాలి. పెద్ద గిన్నె కొనలేదు, మంచం కొనలేదు, కుక్కపిల్ల కావాలని పిల్ల ఏడిస్తే కార్డు వచ్చాక అన్నాం, అది ఏడవటం మానేసి కాలేజీకి కూడా వెళ్ళిపోయింది. ఎవరితోనైనా గొడవొస్తే మనదే తప్పన్నాం. పక్కింటివాడు మా గుమ్మంలో చెత్త పెడితే నేనే తీసి పారేశాను, నేను, మా వీధిలో నీళ్ళ టాంకరు దగ్గర నలుగురినీ వరసలో నించోబెట్టినదాన్ని. ఒకసారి పిల్ల పాట గట్టిగా పెడితే తగ్గించమని కసిరాను. అప్పుడంది, అమ్మా, మనం రోజూ ఇంటర్వ్యూలో కూర్చున్నట్టే బతుకుతున్నాం కదా అని. పాట తగ్గించింది, మాట మాత్రం నాకు తగిలింది.

ముప్పై నాలుగు. ఫోను మోగుతోంది, మా ఆయన. ఉత్తరం మీద సంతకం అయిందా అని అడిగాడు. చెప్పకూడదనుకుంటూనే అంతా చెప్పేశాను, నీటి బొట్లూ, గడీ, రెండు కాగితాలూ. అవతల గోదాములో బండి వెనక్కి వస్తున్న కూత వినిపిస్తోంది. ఆ కూత మధ్యలోంచే, అమ్మాయి సంగతీ... అని అంతటితో ఆపేశాడు. ఆపినా నాకు తెలుసు. ఈ సంవత్సరం ఆఖరుకి దానికి పిల్లల కింద లెక్కేసే వయసు దాటుతుంది, లోపల నిర్ణయం రాకపోతే మా కాగితాల్లోంచి దాని పేరు తీసేస్తారు, అది ఒక్కత్తే వేరే వీసా వెతుక్కోవాలి, దొరక్కపోతే వెళ్ళిపోవాలి. మాది మళ్ళీ మొదటినించీ మొదలుపెట్టాల్సి వస్తే ఇక చెప్పేదేముంది.

"నీ ఇష్టం," అన్నాడు చివరికి. "ఏ పనైనా నన్నడిగి ఎప్పుడు చేశావు గనక."

ఇరవై రెండేళ్ళ కాపురంలో నీ ఇష్టం అన్న మాట నేను చాలా రకాలుగా విన్నాను. విసుగుతో అన్నదుంది, అలిగి అన్నదుంది, చీర కొట్లో కాళ్ళు లాగి అన్నదుంది. ఇది వాటిలో ఏదీ కాదు. భయపడుతూ కూడా చెయ్యి వదలకుండా అన్న మాట ఇది. ఫోను పెట్టేశాక ఏడుపొచ్చింది, ముక్కు చీదుకుంటే మళ్ళీ చేతులు కడగాలి, తొడుగు మార్చాలి, అందుకని ఆపుకున్నాను.

ఆ పిల్లని నా పొట్ట కోసే తీశారు. కరెంటు పోతుందేమోనని భయపడ్డాను, మత్తు ఎక్కదేమోనని భయపడ్డాను, ఆడపిల్లో మగపిల్లాడో అని మా అత్తగారు గుమ్మంలో పచార్లు చేస్తుంటే అదొక చికాకు, అన్నీ గుర్తున్నాయి. డాక్టరమ్మ ముఖం గుర్తుంది. ఆవిడ చేతిలోని కత్తెర ఎవరు కడిగారో, ఎవరు మూట కట్టారో, అది ఆరేదాకా ఎవరు కాచుకు కూర్చున్నారో, పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తోచలేదు. ఇప్పుడు తోస్తోంది. ఏదో గదిలో ఒకావిడ కూర్చుని ఉంటుంది. ఆవిడకీ ఇంట్లో సవాలక్ష ఉండి ఉంటాయి, పైనించి తొందరపెట్టి ఉంటారు, ఆవిడ మాత్రం కదలకుండా ఆరనిచ్చింది. నేను నాలుగో రోజుకి లేచి పిల్లనెత్తుకుని నడిచాను. ఎవరి పేరునైనా తలుచుకోవాలంటే ఆవిడ పేరే తలుచుకోవాలి, అది నాకు తెలియదు. ఆ పిల్ల కోసమనే కదా ఇప్పుడు నన్ను ఇరవై వేయమంటున్నారు. దాన్ని బతికించిన నిమిషాలు దొంగిలించి దానికే కార్డు కొనిపెట్టాలా. చాల్లెండి.

ఇరవై తొమ్మిది. ఒళ్ళు మండిపోతోంది, ఆవిరి యంత్రం నయం. ఎవరి మీద అంటే అన్నయ్య మీద కాదు, ముందు నా మీద. అరగంట నుంచీ ఇక్కడ కూర్చుని బేరం వేసుకుంటున్నాను, పెడితే ఏమిటి పెట్టకపోతే ఏమిటి అని. అలమరలో మూటలు అలాగే ఉన్నాయి. అన్నయ్య రావాలట, వచ్చి చూడాలట. ఎందుకు రావాలి. తలుపు తీయడానికి ఆయన చెప్తే నా చెయ్యి లేచింది, ఫోను ఎత్తడానికి కూడా ఆయనే చెప్పాలా. శాశ్వతం కావాలని ఇన్నేళ్ళు వంగి వంగి నడిచాను, వంగడమే శాశ్వతమయ్యేలా ఉంది. ఇస్తే నిటారుగా ఉన్న మనిషికి ఇవ్వండి, లేకపోతే మీ దగ్గరే పెట్టుకోండి. పిల్లకి వేరే దారి వెతుకుతాం. వాళ్ళ నాన్నకి కాగితాలు నింపడం వచ్చు, నాకు పోట్లాడటం వచ్చు, దానికి రెండూ వచ్చు.

స్టూలు దిగాను. తోపుడుబండి తాతని కేకేసి, ఖాళీ బండి తీసుకుని థియేటరు దగ్గరికి వెళ్ళు, పదకొండు మూటలు ఇస్తారు అన్నాను. ఎవరు తెమ్మన్నారు అన్నాడు. నేనే అన్నాను. ఆయన నా ముఖం వైపు ఒకసారి చూసి బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. గోడ ఫోను ఎత్తి పై నంబరు నొక్కాను. థియేటరు సిస్టరు ఎత్తింది, ఎప్పుడూ హడావిడిలో ఉండే మనిషి, నిన్న మూడుసార్లు చేసింది కూడా ఆవిడే. నిన్న మధ్యాహ్నం పంపినవన్నీ లోపల తడిగా ఉన్నాయి, ఒక్కటి కూడా విప్పకండి, తాత వస్తున్నాడు ఇచ్చేయండి అని చెప్పాను. అవతల ఊపిరి గట్టిగా వదిలింది. మూడింటికి మనిషిని బల్ల ఎక్కిస్తున్నాం తెలుసా అంది. తెలుసన్నాను. ఇప్పుడు నడుస్తున్నవి రెండింటికి అవుతాయి, పూర్తిగా ఆరి చల్లారాకే పంపుతాను, నాలుగవుతుంది, అంతకన్నా ముందు ఎవరు అడిగినా ఇవ్వను అన్నాను. మీ మేనేజరుకి తెలుసా అంది. ఆయనకి పన్నెండింటికే తెలుసు అన్నాను.

"తలుపు ముందే తీసింది ఎవరు?"

"నేను."

పేరు చెప్పమంది, పుస్తకంలో రాసుకోవాలట. ఇక్కడ అందరూ నా పేరుని రెండక్షరాలకి కుదించేశారు, నేనూ సరేనన్నాను. ఇవాళ ఇంటిపేరుతో మొదలుపెట్టి మొత్తం చెప్పాను. ఆవిడ తప్పు రాసుకుంది, మళ్ళీ చెప్పాను, చదివి వినిపించేదాకా ఫోను పెట్టలేదు.

తర్వాత అట్ట తీసుకుని గడిలో రెండు అని వేశాను. ఖాళీ తక్కువైంది, వెనక వైపు తిప్పి రాశాను. మేనేజరు తొందరపెట్టగా తలుపు నేను తీశాను, తీయకూడదని నాకు తెలుసు, మూటలు వెనక్కి తెప్పిస్తున్నాను, వేళ ఒంటిగంట ముప్పై ఎనిమిది. బళ్ళో నల్లబల్ల మీద రాసిన అక్షరాలే ఇవి, భాష వేరైనా వంకర లేదు. సంతకం పెట్టాను. ఫోనుతో రెండు వైపులా ఫోటో తీసుకున్నాను. శుక్రవారానికి ఆ ఉత్తరం రాకపోతే ఈ ఫోటో పంపిస్తాను ఆ ఆఫీసుకి, నమ్మకస్తురాలినో కాదో వాళ్ళనే చూసుకోమంటాను. తీసుకుంటారో చెత్తబుట్టలో వేస్తారో వాళ్ళిష్టం. తాత బండితో వచ్చాడు, మూటలు లెక్కపెట్టాను, పదకొండూ ఉన్నాయి. మొదటిది విప్పితే తడి. రెండోది పొడిగా ఉంది. మూడోది తడి. ఇక విప్పలేదు, అన్నిటినీ కడిగే వైపుకి తోశాను.

యంత్రం మీద ఆరు ఉండగా అన్నయ్య వచ్చాడు. నవ్వుతూనే వచ్చాడు, చేతిలో నా ఉత్తరం ఉంది. నా దగ్గరున్న అట్ట అందుకుని గడి చూశాడు, వెనక్కి తిప్పి చదివాడు, కడిగే వైపున్న నీలం మూటల వంక చూశాడు, మళ్ళీ మొదటినించీ చదివాడు. నవ్వు వెంటనే పోలేదు, దానికి కాస్త సమయం పట్టింది.

"నీ ఫైలు సంగతి ఒక్క క్షణమైనా ఆలోచించావా చెల్లెమ్మా?"

"ఇంతసేపూ దాని గురించే ఆలోచించాను సార్."